మిల్లు కూత పెట్టేదాక

మా ఇంట్ల మగ్గం సప్పుడే కాపలా.
కల్లు తాగొచ్చి అన్న అరుగు మీద ఒరుగుతుండె,
కండ్లు మూసినా చెవులు మూయకపోతుండె.
టక్కు టక్కు ఇనొస్తే ఓదెమ్మ ఉన్నట్టు.
ఆగిందంటే లేస్తడు.
లేస్తే, చేతికేది దొరికితే అది.

వదినా,
నీ చేతుల మీద ఎప్పుడూ నీలమే.
బాయికాడ అడిగితే
జంపఖానా నూలుకు రంగద్దిన, అంటుకున్నదంటుంటివి.
నూలు ముంచితే మోచేతి దాకనే అంటుతదని
కొత్తవాడల ఎరుకలేని ఆడిదెవతి?
మెడ మీదికి నీలిమందు ఎట్ల ఎగవాకిందని
ఒక్కతీ అడగలే.
చాంతాడు గుంజుకుంట తలకాయలు దించుకున్నరు.
వాళ్ల కొంగుల కింద ఏ రంగుండెనో
నాకేమెరుక.

ఆ యేడు చలికాలం నన్ను మగ్గం గుంతల దింపినవు.
పదేండ్ల పిల్లను, కాళ్లందకపోతే
తొక్కుడు చెక్కల మీద చింతమొద్దు ముక్కలు కట్టినవు.
నాడె ఇసురుడు, పేక గుద్దుడు,
తెగిన పోగును చీకట్ల తడుముకొని అతుకుడు.
నెల దినాలు.
"నీ చేతి సప్పుడు, నా చేతి సప్పుడు
ఒక్కతీరు ఉండాలె కొంరీ" అంటివి.
పని నేర్పుతున్నవనుకున్న.
మురిసిన.

అమాస ముంగటి రాత్రి
కందిలి వత్తి తగ్గించినవు.
ఒట్టి కండె గొట్టంల దాచిన మూడు హాలి రూపాలు
రొండిన చెక్కినవు.
కాళ్ల కడియాలు ఊడిరాకపోతే
మోగకుంట నూలు చుట్టినవు.
"వరంగల్ టేషన్ల అందరు మీ అన్న దోస్తులే.
కాజీపేట దాక నడుస్త.
మిల్లు కూత పెట్టేదాక ఆపకు."
అంతే.
తల నిమురలే.
నిమిరితే నేను ఏడుస్తననుకున్నవో,
నువ్వే ఏడుస్తవనుకున్నవో.
నీ చేతుల నాడె నా చేతికొచ్చింది,
నడుమ ఒక్క దెబ్బ తప్పలే.

ఎంత పొడుగు రాత్రి!
హన్మకొండ చేరింది కావచ్చు, టక్కు.
పద్మాక్షి గుట్ట కింద కుక్కలుంటయి, టక్కు.
వడ్డేపల్లి చెరువు కట్ట మీద
చలికి వణుకుతుందేమో, టక్కు, టక్కు.
ఒకపారి కునికిన.
అరుగు మీద దగ్గు.
పెదిమ కొరుక్కొని నాడె ఇసిరిన.
"ఓదీ, నీళ్లు."
నా పానం గుంతల జారింది.
ఏం చెయ్యాల్నో తెల్వక
నువ్వు అలిగినప్పుడు చేసినట్టే
మగ్గం జోరు చేసిన.
"పొద్దుగాల చెప్త నీ సంగతి" అనుకుంట
తనే లేచి కుండల ముంచుకొని తాగి
మళ్ల ఒరిగిండు.

పొద్దుగాల నువ్వు లేవు.
నేనున్న.
ఆ దెబ్బల ముచ్చట నీకు చెప్ప.
అవి నీయి గావు, నాయి.

షావుకారి బట్ట పరిచి చూసి
రెండు మూరలు కోసి మా మొకం మీదేసిండు.
"ఇది నేతనా, తాగుబోతు నడకనా?"
కూలిల కోత వెట్టిండు.
అన్న ఏమనలే, నేలచూపులు చూసిండు.

శానేండ్లకు ఎములాడ జాతరల ఒకామె చెప్పింది,
షోలాపురంల దుప్పట్ల కార్ఖానల
మనదిక్కు యాసతోని ఒకామె ఉందట,
పోరగాండ్లకు నేత నేర్పుతదట,
ఆమె కాడ చెయ్యి లేపితె ఊకోదట.
నువ్వేననుకున్న.
ఊరు, గల్లీ అడగలే.
అడిగితే ఆ జాడ నా ఎంబడి ఇంటికొస్తది.

ఆ రెండు మూరల బట్ట సందుగల ఉన్నది.
అప్పుడప్పుడు ఏళ్లు పెట్టి సదువుకుంట,
నాకు వేరే అచ్చరాలు రావు.
ఇగో, ఇక్కడ కునికిన, రెండు పోగులు జారినయి.
ఇక్కడ నీళ్లడిగిండు, పేక రాయి లెక్క బిగిసింది.
ఇక్కడ పెదిమ నెత్తురు, గోధుమరంగై మిగిలింది.
ఇక్కడ అజంజాహి కూత పెట్టింది.

దానెనుక ఇంకో నాలుగు ఏళ్ల మందం నేత ఉన్నది, సూడు.
రైలు ఆలస్యమైతదేమోనని.